థార్లీ దొర బోర్డు

సింహాద్రికి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. తన గురువు నేర్పిన కవి పేరు నలుగురిలో చెప్పుకోలేకపోతున్నాడు.

ఇదీ ఒక చిక్కేనా అనిపిస్తుంది వినేవాళ్లకి. కానీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ, విశాఖపట్నంలో మంచి వక్తగా పేరు తెచ్చుకుని, ఎక్కడ సభ జరిగినా ముందు వరసలో కుర్చీ సంపాదించుకున్న మనిషికి అది కాల్లో ముల్లు లాంటిదే. నడుస్తున్నంత సేపూ గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆ కవి ఆంబ్రోస్ థార్లీ. విక్టోరియా మహారాణి కాలం వాడు. సింహాద్రి పుట్టి పెరిగిన భీమిలిలో మాత్రం ఆయన్ని అందరూ థార్లీ దొర అంటారు, ఎప్పుడో ఆ ఊళ్లో కలెక్టరు చేసి వెళ్లిన మనిషిలాగా. నిజానికి ఆయన ఇంగ్లండు దాటి అడుగు బయట పెట్టలేదు. ఎవరో దొరసాని ఊరు విడిచి వెళ్లిపోతూ హైస్కూలుకి ఇచ్చిన పుస్తకాల పెట్టె ఒకటి చాలా ఏళ్లు స్టోరు గదిలో పడి ఉంది. అందులో ఆయన నీతి మాటల పుస్తకం ఉంది. అది కొత్తగా ఉద్యోగంలో చేరిన గవరయ్య మాస్టారి కంటపడింది. అంతే, థార్లీ దొర భీమిలి మనిషైపోయాడు.

మాస్టారు ఆ పుస్తకాన్ని పాఠంగా చెప్పలేదు. స్కూలు గేటు పక్కన గోడకి ఒక నల్లబోర్డు బిగించి, రోజూ పొద్దున్న అందులోంచి ఒక మాట తెలుగు చేసి రాసేవారు. కింద థార్లీ అని పేరు. ఇంతవరకూ ఏ స్కూల్లోనైనా ఉండేదే. తేడా అంతా సాయంత్రం ఉండేది. ఆ రోజు ఆ మాట తప్పినవాళ్లు ఇంటికి వెళ్తూ ఒక అక్షరాన్ని వేలితో చెరిపేసి వెళ్లాలి. ఎవరు చెరిపారో ఎవరూ చూడకూడదు. ఎందుకు చెరిపావని ఎవరూ అడక్కూడదు. మర్నాటికి మాట పూర్తిగా ఉంటే కొత్త మాట రాస్తారు. ఒక్క అక్షరం పోయినా పాత మాటే మళ్లీ రాస్తారు.

పిల్లలు పిల్లలే కదా, ఏ మాటా ఒక పట్టాన దాటేది కాదు. 'అడక్కుండా తీసుకోకు' అన్న మాట ఓ ఏడాది మామిడికాయల కాలమంతా బోర్డు దిగలేదు. స్కూలు పక్క తోట వాళ్లు ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. సింహాద్రి ఆ స్కూల్లో చదివినన్నాళ్లూ పుస్తకం నాలుగు పేజీలు కూడా తిరగలేదు. అతను కూడా చాలా అక్షరాలే చెరిపాడు. చెరిపి ఇంటికి వెళ్తుంటే ఒళ్లు తేలికయ్యేది, మర్నాడు పొద్దున్న అదే మాట మళ్లీ కనిపిస్తే సిగ్గేసేది. ప్రపంచంలో ఇంతకంటే గొప్ప కవి ఉండడని అప్పట్లో నమ్మాడు.

ఆ నమ్మకంతోనే ఓ పెద్ద సభలో, మంచి మంచి పండితులు కూర్చున్న చోట, థార్లీ మాట ఒకటి ఎత్తుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు. ముందు వరసలో ఒక ముసలి ప్రొఫెసరు పక్కాయన వైపు వంగి, అందరికీ వినిపించేలాగే అన్నాడు.

"ఆయన కవి కాదయ్యా. గోడ కేలండరు."

హాలంతా నవ్వింది. సింహాద్రి కూడా నవ్వాడు, నవ్వక తప్పదు కాబట్టి. ఆ తర్వాత ఏం మాట్లాడాడో అతనికే గుర్తు లేదు.

ఇంటికి వచ్చి ఊరుకోలేదు. లైబ్రరీలు గాలించాడు, పాత పత్రికలు తెప్పించుకుని చదివాడు. ప్రొఫెసరు అన్నది అబద్ధం కాదని తేలింది. ఒకప్పుడు థార్లీ మాటలు లేని ఇల్లు లేదట ఆ దేశంలో. టీ డబ్బాల మీద, దిండు గలీబుల మీద, పిల్లల పాలగ్లాసుల మీద ఆయన మాటలే. ఆయన రైలు దిగితే చూడ్డానికి జనం స్టేషనుకి వచ్చేవారట. మహారాణి పోయింది, కాలం మారింది. కొత్తగా వచ్చిన కవులు ఆయన్ని ముందు వెక్కిరించారు, తర్వాత వెక్కిరించడం కూడా మానేశారు. చివరికి ఓ అద్దె గదిలో కన్నుమూశాడు. ఇప్పుడు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఆయన పంక్తి ఒక్కటి లేదు.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. పొద్దంతా మిల్లులో పనిచేసి ఇంటికొచ్చిన మనిషికి అర్థం కాని వాక్యం ఆయన ఒక్కటీ రాయలేదు. పండితుల మెప్పు కోసం ఒక్క పదం బరువు పెంచలేదు. రాసిన మాట మీద నిలబడటానికి ఆయనా అందరిలాగే అవస్థ పడ్డాడని పాత పత్రికలే చెప్పాయి. ఇదంతా సింహాద్రి చదివాడు గాని, ఆ పూట అతని కంటికి ఆనలేదు. మాస్టారు తనకి చెల్లని నాణెం ఇచ్చి పంపారన్న కోపమే కళ్ల ముందు ఆడింది.

సరిగ్గా అప్పుడే స్కూలు వార్షికోత్సవానికి పిలుపు వచ్చింది. పిలిచినాయన స్కూలు కమిటీ ప్రెసిడెంటు పట్నాయకులు గారు. చెడ్డవాడు కాదు, పని జరగాలనుకునే మనిషి. గేటు పక్క ఆ పాత బోర్డు తీసేసి, మంచి ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలతో పెద్ద ఫ్లెక్సీ కట్టాలని ఆయన ఆలోచన. పై ఊళ్ల నుంచి పిల్లలు చేరాలంటే అది తప్పదన్నాడు. కానీ గవరయ్య మాస్టారు రిటైరై ఇన్నేళ్లయినా రోజూ పొద్దున్నే కర్ర పొడుచుకుంటూ వచ్చి బోర్డు రాసి వెళ్తున్నారు. ఆయనతో ఎవరు చెబుతారు?

"మీరు ఆయన శిష్యులు. మీ నోటితో చెబితే ఎవరికీ నొప్పుండదు" అన్నాడు పట్నాయకులు. సభలో సింహాద్రి బోర్డు వద్దంటే పోతుంది, కావాలంటే ఉంటుంది. కమిటీ అంతా ఆ మాట మీద ఉంది.

సింహాద్రి ఒప్పుకున్నాడు. ఆ బోర్డుతో పాటు తన సిగ్గు కూడా గోడ మీంచి దిగిపోతుందనుకున్నాడు.

ముందు రోజు సాయంత్రమే భీమిలి వెళ్లి మాస్టారింటికి నడిచాడు. మాస్టారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, చేతులు వణుకుతున్నాయి గాని కళ్లలో వెలుగు తగ్గలేదు. శిష్యుణ్ణి చూసి లేవబోయారు. సింహాద్రి వద్దని కూర్చోబెట్టి, కుశల ప్రశ్నలు అయ్యాక మెల్లగా మొదలుపెట్టాడు. థార్లీ గురించి తాను సేకరించిందంతా చెప్పాడు. పేరు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో, ఈ రోజుల్లో చదువుకున్నవాళ్లు ఆయన్ని ఏమంటారో, అద్దె గదితో సహా ఏదీ దాచలేదు.

మాస్టారు అడ్డు చెప్పకుండా విన్నారు. అంతా అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"ఆ గదిలో ఆయన్ని చూసుకోడానికి ఎవరన్నా ఉండేవారేటిరా?"

సింహాద్రి తెల్లబోయాడు. "తెలీదు మాస్టారూ. అది ఎక్కడా రాయలేదు."

"అంత చదివేవు. అది కూడా కనుక్కోవలసింది" అన్నారు మాస్టారు. ఆయన గొంతులో నింద లేదు, దిగులుంది. తనకి బాగా తెలిసిన మనిషికి ఒంట్లో బాగాలేదని ఇప్పుడే విన్నట్టుంది ఆయన వాలకం. తర్వాత రేపటి సభకి ముందు వరసలో కూర్చుంటానని, గట్టిగా మాట్లాడమని, చెవులు సరిగ్గా వినబడటం లేదని చెప్పి పంపించారు.

సింహాద్రికి అక్కడ కూడా చిర్రెత్తుకొచ్చింది. తాను చెప్పిందేమిటి, ఈయన అడిగిందేమిటి? ఈ ముసలాయనకి చెబితే తలకెక్కదు, నలుగురిలో చెప్పాల్సిందే అనుకుంటూ వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం స్కూలు ఆవరణలో షామియానా వేశారు. గేటు అక్కడికి నాలుగడుగులే. బోర్డు మీద మాస్టారు పొద్దున్న వంకర టింకరగా రాసిన మాట వేదిక మీదికి కూడా కనిపిస్తోంది.

'ఈ రోజు ఎవరినీ చిన్నబుచ్చకు.'

వేసవి సెలవుల తర్వాత స్కూలు తెరిచినప్పట్నుంచీ అదే మాట.

సింహాద్రి మైకు ముందు నిలబడ్డాడు. మొదట మాస్టారి పాదాలకి దండం పెడుతున్నానని చెప్పాడు. తర్వాత థార్లీ గురించి ఎత్తుకున్నాడు. దొరగారు పుట్టిన ఊళ్లో ఆయనిల్లు ఎక్కడంటే పోస్టుమేను కూడా చెప్పలేడని, మనం మాత్రం ఆయన్ని జీతం లేని వాచ్‌మన్‌లా గేటు దగ్గర నిలబెట్టుకున్నామని అన్నాడు. పిల్లలు నవ్వారు. నవ్వు వినేసరికి వక్తకి ఊపు వస్తుంది, అది ఎంత మంచివాడికైనా తప్పదు. ఎవరినీ చిన్నబుచ్చకు అని మా అమ్మమ్మ కూడా రోజూ అనేది, పాపం ఆవిడకి ఎవరూ బోర్డు కట్టలేదే అన్నాడు. టీచర్లు కూడా నవ్వారు. ఇంక ఆగలేదు.

"మా మాస్టారు ఇన్ని నెలలుగా ఒకే మాట రాస్తున్నారంటే నాకో అనుమానం. ఆ పుస్తకంలో రెండో మాట లేదేమో."

షామియానా ఎగిరిపోయేంత నవ్వు. వెనక వరసల్లో పిల్లలు ఒకరి మీద ఒకరు పడి మరీ నవ్వారు. ఆ నవ్వులో సింహాద్రి ముందు వరస వైపు చూశాడు. మాస్టారు నవ్వడం లేదు, కోప్పడటం లేదు. కర్ర మీద రెండు చేతులూ పెట్టి, చెవి కొంచెం ఇటు తిప్పి, ఒక్క మాట పోకుండా వింటున్నారు. గట్టిగా మాట్లాడమన్నది ఆయనే కదా. ఆ సంగతి సింహాద్రికి అప్పుడు గుర్తొచ్చింది. పండితుల సభలో ఆ రోజు తన మొహం ఎలా ఉండి ఉంటుందో అతనికి మొదటిసారి తెలిసింది. చెప్పవలసింది గబగబా ముగించాడు. కాలంతో పాటు మారాలని, బోర్డుకి సెలవు ఇవ్వడమే మంచిదని అని కూర్చున్నాడు. చప్పట్లు బాగానే మోగాయి.

చప్పట్లు ఆగకముందే మాస్టారు లేచారు.

మాట్లాడతారేమోనని ఎవరో మైకు అందించబోయారు. ఆయన అక్కర్లేదని చెయ్యి ఊపి, కర్ర పొడుచుకుంటూ గేటు వైపు నడిచారు. అందరి కళ్లూ ఆయన మీదే ఉన్నాయి. బోర్డు ముందు ఆగారు. చూపుడువేలు పెట్టి, చివరి అక్షరాన్ని చెరిపేశారు. వేలికి అంటిన సుద్ద పంచెకి తుడుచుకుని, గేటు పక్క సిమెంటు బల్ల మీద కూర్చున్నారు.

పట్నాయకులు గారి మొహం విప్పారింది. మైకు అందుకుని, చూశారా, మాస్టారే స్వయంగా చెరపడం మొదలుపెట్టారు, ఇంతకంటే ఆశీర్వాదం ఏం కావాలి అన్నాడు. ఆయన పక్క ఊరి నుంచి వచ్చినాయన, ఆ బోర్డు కట్టుబాటు ఆయనకి తెలీదు. అతిథులు మళ్లీ చప్పట్లు కొట్టారు. పిల్లలు మాత్రం ఒక్కరు కూడా కొట్టలేదు.

సింహాద్రికి కూర్చోబుద్ధి కాలేదు. వేదిక దిగి, అంతమందీ చూస్తుండగానే బల్ల దగ్గరికి వెళ్లాడు. అడక్కూడదని తెలుసు. ఆ నియమం పాలతో పాటు తాగినవాడే. అయినా నోరు ఆగలేదు.

"మీరెవర్ని చిన్నబుచ్చారు మాస్టారూ?"

మాస్టారు తలెత్తి చూశారు. "అడక్కూడదు గాని, అడిగేవు కాబట్టి చెప్తాను. నిన్నేరా. నువ్వు మాట్లాడతన్నంత సేపూ మనసులో నిన్ను చాలా మాటలన్నాను."

అన్నది అంతే. ఆయన కళ్లలో నీళ్లు లేవు, గొంతులో వణుకు లేదు. చేసిన తప్పు చేసినట్టు చెప్పారు. సింహాద్రి అక్కడే నిలబడిపోయాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. పోనీ, క్షమించానని అన్నా ఏదో ఒకలా తట్టుకునేవాడు.

ఇంటి గంట కొట్టారు. పిల్లలు సంచులు తగిలించుకుని వరసగా గేటు వైపు వచ్చారు. రోజూ ఉండే గోల లేదు. ముందున్న రెండు జడల పిల్ల, సభలో అందరికంటే ఎక్కువ నవ్విన పిల్ల, బోర్డు దగ్గర ఆగి ఒక అక్షరం చెరిపి, ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయింది. వెనకవాడు ఇంకోటి చెరిపాడు. వాడి వెనకవాడు ఇంకోటి. మాట అయిపోవడానికి ఎంతో సేపు పట్టలేదు. తర్వాత వచ్చినవాళ్లు కింద ఉన్న పేరుకి దిగారు. థార్లీ పేరు కూడా ఒక్కో అక్షరమే పోయింది. చెరపడానికి ఇంకేమీ మిగలక, వెనకవాళ్లు ఉత్త బోర్డుకే వేలు ఆనించి వెళ్లారు. డ్రిల్లు మాస్టారు, తెలుగు టీచరమ్మ కూడా పిల్లల వెనకాలే నిలబడి, తమ వంతు రాగానే అలాగే చేశారు.

పట్నాయకులు గారు మొదట విసుక్కున్నాడు, తర్వాత ఏమిటిదని పక్కనున్న టీచర్ని అడిగాడు. ఆమె గొంతు తగ్గించి చెప్పింది. ఆయన విని, పిల్లల వరస అంతా అయ్యేదాకా చూశాడు. ఆఖరికి డ్రైవర్ని పిలిచి, చుట్ట చుట్టి పెట్టిన ఫ్లెక్సీని మళ్లీ కారులో పెట్టమన్నాడు.

ఆవరణ ఖాళీ అయింది. షామియానా వాళ్లు గుంజలు విప్పుకుంటున్నారు. సింహాద్రి అప్పటికి కదిలి బోర్డు దగ్గరికి వెళ్లాడు. అందరికంటే ముందు రావలసినవాడు అందరికంటే వెనక వచ్చాడు. బోర్డు నల్లగా, నున్నగా ఉంది. చెయ్యి ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక దించేశాడు.

"నాకు అక్షరం మిగల్లేదు మాస్టారూ" అన్నాడు. చిన్నప్పుడు చెరిపి ఇంటికి వెళ్లిన రోజుల్లో ఉన్న ఆ తేలిక ఇవాళ తనకి దొరకదని తెలిసి ఏడుపొచ్చింది.

మాస్టారు చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చారు.

"అయితే రాయి."

"ఏ మాట రాయమంటారు?"

"అదే."

సింహాద్రి కన్నీళ్లు తుడుచుకుని సుద్ద అందుకున్నాడు. పెద్ద పెద్ద సభల్లో మాట్లాడిన మనిషి, రెండో క్లాసు పిల్లాడిలా ఒక్కో అక్షరం దిద్దుకుంటూ, ఈ రోజు ఎవరినీ చిన్నబుచ్చకు అని రాశాడు. మాస్టారు కర్ర పట్టుకుని లేచి ఇంటి దారి పట్టారు.

సింహాద్రి ఆయన వెనకాలే వెళ్లబోయి, ఆగి, మళ్లీ బోర్డు వైపు తిరిగాడు. మాట కింద, ఎవరూ చెప్పకుండానే, రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా కనిపించేలాగ, థార్లీ అని రాశాడు.